రెయినో చెయ్యకు

కాపర్ హార్బర్
మార్చి 8, 1987

మరిది జోరీకి,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు ఐలాకి సరిపోయాయి. ఆ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టిందేంటని తిట్టుకోకు. చలికాలం వస్తే ఈ ఊరి జనానికి మాంసం కూరిన పాస్టీలు తప్ప ఇంకో తిండి గుర్తురాదు. పిండి పిసికీ పిసికీ నా మణికట్లు పడిపోయాయి. పెద్ద సరస్సు మీద మంచు ఇంకా కదల్లేదు.

అసలు సంగతికొస్తాను. హౌటన్‌లో కాలేజీకెళ్ళిన మా ఐలా డైవింగ్ క్లాసులో చేరింది. నాకు చెప్పకుండానే. తెలిశాక రెండు రోజులు దానితో మాట్లాడలేదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున పుట్టినదాన్ని ఎన్నాళ్ళని కట్టేసి ఉంచను, పోనీలే అనుకున్నాను.

పోయిన శనివారం ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే అడిగింది. "అమ్మా, రెయినో చెయ్యడం అంటే ఏంటో నీకు తెలుసా?"

మొదటి పాఠమట. ఎవరో అమ్మాయి నీళ్ళలోకి దిగకముందే, గట్టు మీద నిలబడి గాలి అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని పీల్చిందట. సారు కేకేశాడట. "ఏయ్, రెయినో చెయ్యకు. చలిగాలిలో దాంట్లోకి ఊపిరి వదిలితే నీ నోటి తేమ లోపల చేరి, నీళ్ళ అడుగున గడ్డకడుతుంది. గాలి బుస్సుమని ఆగకుండా పోతుంది. అలా చేసినవాడొకడు మళ్ళీ పైకి రాలేదు." క్లాసంతా నవ్వారట. మా పిల్లా నవ్విందట జోరీ. ఎవరా రెయినో అని అడిగితే, "ఎవరో పాత డైవర్, ఆడెలిన్ బర్క్ అనే మునిగిన ఓడ మీదికి దిగి పోయాడు" అన్నాడట. అప్పుడు ఆగిందట దాని నవ్వు.

ఈ కొస నుంచి ఆ కొస దాకా డైవర్లందరూ ఇదే మాట వాడతారట. నీకు తెలీకుండా ఉండదు. డులూత్‌లో సగంమంది నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళే కదా. నువ్వు ఒక్క మాటంటే ఆగిపోతుంది. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళవుతోంది. ఇప్పుడు ఆయన పేరు ఒక తప్పుకి పేరైపోయింది. నాకు కడుపు మండిపోతోంది. ఆపించు.

మీ ఆవిడ మావిస్‌ని అడిగానని చెప్పు.

హెల్మి


డులూత్
మార్చి 21, 1987

వదినా,

నీ ఉత్తరం అందింది. ఐలా చెవిన అలా పడకుండా ఉండాల్సింది. ఆ పిల్లకి నేనే ముందు ఓ ఉత్తరం ముక్క రాయాల్సింది.

ఆ మాట ఎవరు మొదలుపెట్టారో నాకు తెలీదు. నేనొక్కణ్ణీ చెప్తే ఆగేది కూడా కాదు, జనం నోళ్ళలో పడిపోయింది. కానీ ఒకటి ఆలోచించు. ఆ మాట గుర్తొచ్చి ఎంతమంది ఆ రెగ్యులేటర్ రబ్బరు నోట్లోంచి తీసేసి ఉంటారో. మా బళ్ళో తొమ్మిదేళ్ళలో ఒక్కడి రెగ్యులేటర్ గడ్డకట్టలేదు. మనవాడి పేరు దీపస్తంభం లాంటిది వదినా. పోయి కూడా జనాన్ని కాపాడుతున్నాడు.

జరిగింది మార్చలేం కదా. ఆ రోజు పడవలో ఉన్నది మేమిద్దరమే. వాడు రెండుసార్లు పీల్చాడు, నా కళ్ళతో చూశాను. వద్దురా అన్నాను. వినలేదు. వీపున కట్టుకునే ఆ చిన్న సిలిండరైనా ఇంట్లో మర్చిపోకుండా తెచ్చుకుని ఉంటే, పెద్దది పోయినా దానితో పైకి వచ్చేసేవాడు. ఒకే రోజు రెండు పొరపాట్లు. ఎంత మంచి డైవరైనా మనిషే కదా.

ఐలాకి నా ముద్దులు. ఏం కావాలన్నా అడగమను.

జోరీ


కాపర్ హార్బర్
ఏప్రిల్ 5, 1987

మరిది జోరీకి,

రెయినో పేరు దీపస్తంభం అని రాశావు. దీపస్తంభాన్ని చూసి ఎవరూ నవ్వరు.

రెండుసార్లు పీల్చాడన్న మాట మాత్రం నాకు మింగుడుపడటంలేదు. ఆయన సంగతి నీకు తెలీదా? పడవ ఎక్కగానే నోట్లో ఆ నల్ల ఉప్పు బిళ్ళ వేసుకునేవాడు. బిళ్ళ బుగ్గనుంటే మర్చిపోయి కూడా రబ్బరు నోట్లో పెట్టుకోను అనేవాడు. ఇక దూకుతాననగా మింగేసి, తల నీళ్ళలో మునిగాకే రబ్బరు కరుచుకునేవాడు. ఎన్ని వేసవులు ఆ ఓడ మీదికి దిగాడో అన్నిసార్లూ అంతే. నీకూ పెట్టేవాడు కదా, నువ్వేమో ఉప్పు ఉప్పంటూ ఉమ్మేసేవాడివి. ఆ రోజు బిళ్ళల డబ్బా ఆయన జేబులో పెట్టింది నేనే. అలాంటి మనిషి నవంబరు చలిలో రెండుసార్లు పీల్చాడంటావు. నువ్వు అబద్ధమాడతావని నేననను. ఏ ధ్యాసలో ఉన్నాడో మరి.

ఇంకొకటి రాస్తాను. ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఐలాకి కూడా.

ఆ చిన్న సిలిండర్ ఆయన మర్చిపోలేదు. నేనే మరిపించాను. పట్టీ లోంచి జారిపోతోందని విసుక్కుంటుంటే, ముందురోజు ఆయన సామాన్లలోంచి నేనే తీశాను, దానికో గుడ్డ తొడుగు కుడదామని. తెల్లారి కుట్టడం అయ్యాక వరండాలో బెంచీ మీద పెట్టాను. చెప్పలేదు. చూసుకుని మురిసిపోతాడనుకున్నాను. చూసుకోలేదు కాబోలు. ఆ వారమంతా ఇంటికి వచ్చిపోయిన జనంలో ఎవరు పట్టుకుపోయారో, మళ్ళీ నాకు కనపడలేదు. కట్టెల కొట్టంలో వెతికాను, ఆవిరిగదిలో వెతికాను. నేను ముచ్చటపడి దాన్ని ముట్టుకోకపోతే అది ఆయన సామాన్లలోనే ఉండేది. ఆయన పొరపాటు ఒకటేనోయ్. రెండోది నాది. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఆ రెండోదానికి నా పేరు పెట్టుకోమను.

హెల్మి


డులూత్
మే 2, 1987

వదినా,

అయ్యో, ఎంత పని చేశావు. తొమ్మిదేళ్ళు ఈ బరువు నీ గుండెల మీద పెట్టుకుని తిరిగావా? ముందే నాతో ఒక్క మాట అనకూడదూ?

నీ తప్పేం లేదు. నా మాట నమ్ము. నువ్వు ప్రేమగా చేసిన పని అది. ఆ ఎర్రగళ్ళ తొడుగు, జింకకొమ్ము గుండీ, అంత పొందిగ్గా ఎవరు కుడతారు? మందపాటి గ్లౌజులతో పట్టుకున్నా జారదు ఆ గుండీ. అలాంటిది కుట్టినదానివి నీకు నువ్వు శిక్ష వేసుకోవడమేంటి. ఇక ఆ ఆలోచనే రానివ్వకు.

ఐలాకి కూడా ఓ చిన్న సిలిండర్ కొనాలి. నేను పంపిస్తాను. తొడుగు నువ్వే కుట్టు.

ఇక్కడ మంచు కరిగింది. వచ్చే వారం నుంచి కొత్త విద్యార్థులు, పన్నెండుమంది. ఒకాయనకి డెబ్బై ఏళ్ళు, బూట్లు తొడుక్కోవడానికే అరగంట. మావిస్ నిన్ను అడిగానని చెప్పమంది.

జోరీ


కాపర్ హార్బర్
మే 9, 1987

జోరీకి,

నేను తొడుగు అని రాశాను. ఎర్రగళ్ళని రాయలేదు. గుండీ ఊసే ఎత్తలేదు. నా ఉత్తరం నీ దగ్గరే ఉంటుంది, తీసి చూసుకో.

ఆ గళ్ళ గుడ్డ రెయినో వేటకోటు చిరిగిపోతే అందులోంచి కత్తిరించింది. గుండీ కుట్టింది ఆ రోజు పొద్దున, పొయ్యి మీద గంజి ఉడుకుతుంటే. నువ్వు ఆ పొద్దున మా ఇంటికి రాలేదు, ఆయన్ని రేవులో కలిశావు. ఆ తర్వాత ఆ సిలిండర్‌ని ఈ ఊళ్ళో చూసినవాళ్ళు లేరు.

షెరీఫ్ ముందు కూర్చుని, ఇంట్లో మర్చిపోయి వచ్చాడని చెప్పావు. నేను పక్కనే ఉన్నాను, నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పావు.

మరి గ్లౌజులతో పట్టుకుంటే ఆ గుండీ జారదని నీకెవరు చెప్పారు?

హెల్మి


కాపర్ హార్బర్
జూన్ 14, 1987

జోరీకి,

ఐదు వారాలైంది. పోస్టులో పోయిందనుకుందామంటే, నీ ఉత్తరాలు ఇన్నేళ్ళలో ఒక్కటీ పోలేదు.

డులూత్‌కి బస్సు ఉంది. నేను వస్తే నీ విద్యార్థుల ముందే అడుగుతాను. ఆలోచించుకో.

హెల్మి


డులూత్
జూలై 3, 1987

వదినా,

నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది పంపిస్తాను.

పడవలో రెండుసార్లు పీల్చింది నేను. బాగా చలిగా ఉంది, నోట్లోంచి ఆవిరి వస్తోంది, రైలింజన్‌లా ఉందిరా అని వాణ్ణి నవ్వించబోయాను. వాడు వద్దన్నట్టు తలూపాడు. బుగ్గన బిళ్ళ ఉంది, మాట్లాడలేదు.

నూట పది అడుగుల లోతులో, ఆడెలిన్ బర్క్ వంటగది కిటికీ దగ్గర ఉన్నాం. అరలో ప్లేట్లు దొంతరగా ఉంటాయే, వాడికి ఇష్టమైన చోటు. నా రెగ్యులేటర్ గడ్డకట్టి గాలంతా బుడగలైపోయింది. నాకేం చెయ్యాలో తోచలేదు, పెనుగులాడాను. వాడు తన రబ్బరు తీసి నా నోట్లో పెట్టాడు. చెరోసారి పీల్చుకుంటూ కాస్త పైకొచ్చాం. తర్వాత వీపునున్న ఆ చిన్న సిలిండర్ విప్పి నా చేతిలో పెట్టాడు. ఆ గుండీ మీద నా చెయ్యి వేసి నొక్కాడు, వదలకు అన్నట్టు. అందుకే నాకు గుర్తు.

అంతకుముందు ఇద్దరం వాడి రెగ్యులేటర్‌నే లాగి లాగి పీల్చామేమో, అది కూడా గడ్డకట్టింది. కిందనుంచి బుడగలు వచ్చాయి. చూశాను. చెయ్యి చాపాడు, ఓసారి ఇవ్వు అన్నట్టు. నేను ఆగలేదు వదినా. పైకి వచ్చేశాను.

అప్పటికే దాంట్లో గాలి అయిపోవచ్చింది. నా ఒక్కడికే చాలీచాలనంత. వెనక్కి వెళ్తే ఇద్దరం పోయేవాళ్ళం. ఇది మాత్రం నమ్ము.

షెరీఫ్ అడిగినప్పుడు ఎందుకలా అన్నానో తెలీదు. ఒకసారి నోరు జారాక అదే నిజమని చెప్పుకుంటూ వచ్చాను. ఆ మాట మొదట అన్నది కూడా నేనే. మరుసటేడు ఒక విద్యార్థి రేవులో రబ్బరు నోట్లో పెట్టుకుంటే, నా నోట్లోంచి వచ్చేసింది, రెయినో చేసినట్టు చెయ్యకు అని. వాడు ఇంకొకడికి చెప్పాడు.

సిలిండర్ నా దగ్గరే ఉంది, అటక మీద. పారెయ్యబోయాను, చేతులు రాలేదు. ఈ తొమ్మిదేళ్ళలో దాని వాల్వు కూడా తిప్పలేదు.

జోరీ


కాపర్ హార్బర్
జూలై 12, 1987

జోరీ పెన్‌హేల్‌కి,

రెయినో స్నేహితుడివని వరస కలిపాను, ఇక నీకు మరిది అనే మాట ఉండదు.

నీ ఉత్తరం ఐలాకి చదివి వినిపించాను. దాచి దాచి నువ్వేం బాగుపడ్డావు, నేను దాచడానికి. అది లేచి వెళ్ళి సరస్సు ఒడ్డున కూర్చుంది. పొద్దుగూకే ముందు వచ్చి అన్నం తింది. నేను తినలేదు.

నీళ్ళలో భయం ఎలా ఉంటుందో రెయినో నాకు చెప్పేవాడు. అక్కడ మనిషి మనిషిగా ఉండడు, ఎవరినీ ఏమీ అనకూడదు అనేవాడు. దాంట్లో గాలి లేదంటున్నావు. సరే. నీళ్ళలో చేసినదానికి నిన్నేమీ అనను. ఆయన ఉన్నా అదే అనేవాడు.

గట్టెక్కాక ఏం భయం నీకు? పొడిబట్టలు కట్టుకున్నాక, మా వంటింట్లో కూర్చుని నేనిచ్చిన కాఫీ తాగుతున్నప్పుడు ఏం భయం? నేను ఏడుస్తూ ఇల్లంతా వెతుకుతుంటే, నాతోపాటు కట్టెల కొట్టంలోకి వచ్చి నువ్వూ వెతికావు. గుర్తుందా? కట్టెలు పక్కకి జరిపి మరీ వెతికావు. అప్పుడది నీ ట్రక్కులో ఉండి ఉంటుంది.

ఆ రోజు నుంచి నేను సూది పట్టుకోలేదు. ఐలా గౌను గుండీ ఊడితే పక్కింటావిడతో కుట్టించాను. ఊళ్ళోవాళ్ళు మొగుడు పోయి బద్ధకం వచ్చిందనుకున్నారు. నువ్వేమో ఏటేటా మేజోళ్ళు పంపావు.

రెండు పనులు చెయ్యి. సెప్టెంబరులో మీ డైవర్లంతా డులూత్‌లో కలుస్తారు కదా, అక్కడ లేచి నిలబడి నాకు రాసింది రాసినట్టు చెప్పు. పడవలో పీల్చింది ఎవరో చెప్పు. సిలిండర్ నాకు పంపు, తొడుగుతో సహా.

చెయ్యకపోతే బస్సు ఎలాగూ ఉంది.

హెల్మి


డులూత్
సెప్టెంబరు 27, 1987

వదినా,

ఇక మరిది అనే మాట ఉండదన్నావు. వేరే పిలుపు నాకు చేతకావడంలేదు.

చెప్పాను. రెండొందలమంది ఉన్నారు. నీకు రాసింది రాసినట్టు చదివాను, పైకి తలెత్తలేదు. వెనక వరసలో కుర్చీలు జరిగిన చప్పుడు, కొంతమంది వెళ్ళిపోయారు. నా దగ్గర నేర్చుకుంటున్న పన్నెండుమందిలో నలుగురే మిగిలారు. మావిస్ వాళ్ళక్క దగ్గరికి వెళ్ళింది, ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఆవిడకీ ఆ రోజే తెలిసింది.

ఐలాకి ఒక్క మాట చెప్పు. నిన్న రేవులో ఎవడో దిగకముందే రబ్బరు నోట్లో పెట్టుకున్నాడు. పక్కపడవలోంచి ఇంకొకడు అరిచాడు, "ఒరేయ్, జోరీ చెయ్యకు" అని. నేను అక్కడే ఉన్నానని వాళ్ళకి తెలీదు. రెయినో పేరు వదిలిపోయింది. ఇకనుంచి నాదే.

నమ్మవుగానీ, అది విన్నాక నాకు ఒళ్ళు తేలికైంది. ఇన్నేళ్ళకి నిన్న కడుపునిండా తిన్నాను.

సిలిండర్ ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. ఎలా ఉన్నది అలాగే, దుమ్ము తుడిచానంతే. నీళ్ళలో చేసినదానికి ఏమీ అననన్నావు. ఆ ఒక్క మాట పట్టుకుని రోజులు నెట్టుకొస్తున్నాను. మంచు పడేలోపు ఓసారి రానా? లోపలికి రాను. గుమ్మంలో నిలబడి ఐలాని చూసి వెళ్ళిపోతాను.

జోరీ


కాపర్ హార్బర్
అక్టోబరు 11, 1987

పెన్‌హేల్ గారికి,

పార్సిల్ అందింది. తొడుగు వెలిసిపోయింది, గుండీ మాత్రం గట్టిగానే ఉంది.

అందరి ముందూ చెప్పారని ఐలా సారు కూడా చెప్పాడట. ఇప్పుడు క్లాసులో రెయినో ఎవరని అడిగితే, తన గాలి ఇంకొకరికిచ్చినవాడు అంటున్నారట. అది మీరు చేశారు, కాదనను.

మీరు ఇక్కడికి రావొద్దు. ఎందుకో రాస్తాను.

నిన్న శనివారం ఐలా కాలేజీ నుంచి, గాలి ఎంత ఉందో చూపే గేజీ తెచ్చింది. వంటబల్ల మీద గుడ్డ పరిచి, సిలిండర్ పడుకోబెట్టి బిగించింది. నేను రొట్టె కోస్తున్నాను. అయిపోయిన సిలిండర్‌కి అదంతా ఎందుకే అన్నాను. ఊరికే, నాన్న ముట్టుకున్న వాల్వు కదమ్మా, ఒక్కసారి తిప్పుతాను అంది. తిప్పింది. ముల్లు లేచింది. సగం దాటింది, ఇంకాస్త వెళ్ళి ఆగింది.

గేజీ చెడిపోయిందనుకుని విప్పి మళ్ళీ బిగించింది. అద్దం మీద వేలితో కొట్టింది. ముల్లు మళ్ళీ అక్కడికే వచ్చింది. ఐలా కాగితం తీసుకుని ఏదో వేసింది, కొట్టేసింది, మళ్ళీ వేసింది. తర్వాత నావైపు చూడకుండా చెప్పింది. ఆ మిగిలిన గాలితోనే అంత లోతు నుంచి ఇద్దరు చెరోసారి పీల్చుకుంటూ, తొందరపడకుండా పైకి రావచ్చట. వచ్చాక కూడా కొంచెం మిగులుతుందట.

అయిపోవచ్చిందని రాశారు మీరు. ఇది మాత్రం నమ్ము అని కూడా రాశారు. వాల్వు తిప్పలేదంటే నమ్ముతున్నాను. తిప్పితే ఏం కనపడుతుందో మీకు తెలుసు కాబట్టే తిప్పలేదు. తెలిసీ నాకెందుకు పంపారో మాత్రం అర్థం కాలేదు. రాయడానికి చెయ్యి రాని మాట అలా పంపారేమో. అయినా నాకు అనవసరం.

ఆ గాలి రెయినో మా కొట్టంలో మిషను పెట్టి నింపింది. మిషను మోత మోగుతుంటే ఐలా చెవులు మూసుకుని గంతులేసేది. వాల్వు మూసేశాం, అందులోంచి కొంచెం కూడా వదల్లేదు. తొడుగు ఒకవైపు కుట్టు పిగిలింది. సాయంత్రం పక్కింటికెళ్ళి సూదీ దారం అడిగి తెచ్చుకుని, కూర్చుని బిగించాను.

జూలైలో మీకొక మాట రాశాను, నీళ్ళలో చేసినదానికి ఏమీ అనను అని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

హెల్మి కెట్టునెన్